నాన్న రిపోర్టులో ‘టిమి 2’ అని ఉంది, అర్థం చెప్పగలరా?

మాది టెక్కలి దగ్గర పల్లెటూరు. మొన్న తెల్లవారుజామున నాన్నకు గుండెపోటు వచ్చింది. ఇక్కడే గడ్డ కరిగే ఇంజెక్షన్ చేశారు. గంటన్నర తర్వాత ఈసీజీ తీసి, పైకి లేచిన గీత సగానికి పైగా దిగిందన్నారు. అప్పటిదాకా తడిసి ముద్దయిన బనీను నేనే మార్చాను, మళ్లీ చెమట పట్టలేదు. మర్నాడు విశాఖలో యాంజియోగ్రామ్ తీసి స్టెంట్ వేశారు.

రిపోర్టులో మాత్రం ‘టిమి 2’ అని రాశారు. 0 అంటే రక్తం అసలు పారనట్టు, 3 అంటే మామూలుగా పారుతున్నట్టు అని నర్సుగారు చెప్పారు. మరి స్టెంట్ వేశాక కూడా 2 దగ్గరే ఎందుకు ఆగింది? సన్న రక్తనాళాల్లో అడ్డు ఉండిపోయిందా? కొన్నాళ్లకు మెరుగవుతుందా? నాన్నేమో అప్పుడే పొలానికి వెళ్తానంటున్నారు, చాలా టెన్షన్‌గా ఉంది. సోమవారం డాక్టరుగారిని కలుస్తాం. ఏమేం అడగాలో తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.