నల్లజాతి మిత్రుడు సొంత బ్యానర్ పెడుతున్నాడు, ఇండీ (పెద్ద స్టూడియో లేకుండా తీసే చిన్న సినిమా) తీసినవాళ్ళు కాస్త చెప్పండి

బూమ్‌మైక్ (అట్లాంటా):
నేనిక్కడ సినిమాలకి సౌండ్ రికార్డిస్టుని. నాతో పనిచేసిన అసిస్టెంట్ డైరెక్టర్, నల్లజాతి కుర్రాడు, సొంత ప్రొడక్షన్ కంపెనీ పెట్టి ఫీచర్ (పూర్తి నిడివి సినిమా) తీస్తానంటున్నాడు. వాళ్ళ నాయనమ్మ నడిపిన బ్యూటీపార్లర్ మీద కథ. బడ్జెట్ 2 లక్షల డాలర్లు. ఇక్కడ ఖర్చు పెట్టి సినిమా తీస్తే జార్జియా రాష్ట్రం ఇచ్చే పన్ను రాయితీ, అదే టాక్స్ క్రెడిట్, వస్తుందన్న ధీమాతో ఉన్నాడు. నాకు మైకు తప్ప వ్యాపారం తెలీదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

లెక్కలపద్దు:
ముందు ఆ టాక్స్ క్రెడిట్‌ని బడ్జెట్లోంచి కొట్టేయమనండి. ఖర్చులో 20 శాతం ఇస్తారు, సినిమాలో రాష్ట్రం లోగో వేస్తే ఇంకో 10, నిజమే. కానీ ఏడాదిలో కనీసం 5 లక్షల డాలర్ల ఖర్చు చూపిస్తేనే. పైగా అది ఖర్చంతా అయ్యాక, ఆడిట్ కూడా అయ్యాక వచ్చేది. షూటింగ్‌లో భోజనాలకి పనికిరాదు. రెండోది: బ్యానర్ ఒక ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ), ఈ సినిమాకి విడిగా ఇంకో ఎల్ఎల్‌సీ. సెట్లో ఎవరికైనా కాలు విరిగి కేసు వేస్తే బ్యానర్ మునగకూడదు. నటుల యూనియన్ శాగ్‌లో 3 లక్షల డాలర్ల లోపు బడ్జెట్ సినిమాల కోసం విడిగా ఒప్పందం ఉంది, అది చూడమనండి.

పాతరీలు:
మీవాడికి పాతకాలం నల్లజాతి దర్శకుడు ఆస్కార్ మిషో సంగతి తెలిసే ఉంటుంది, మనవాళ్ళ కోసం చెప్తా. 1918లో లింకన్ మోషన్ పిక్చర్ అనే నల్లజాతివాళ్ళ కంపెనీ ఆయన నవల కొనబోయింది. తీయడంలో తన చెయ్యి ఉండాలని పట్టుబట్టాడు, బేరం చెడింది. దాంతో సొంత కంపెనీ పెట్టి, అయోవాలో సూ సిటీ చుట్టుపక్కల రైతులకి వాటాలు అమ్మాడు. వాటా 75 నుంచి 100 డాలర్లు. కొన్నవాళ్ళలో చాలామంది తెల్లవాళ్ళు, అంతకుముందు ఇంటింటికీ తిరిగి తన పుస్తకాలు అమ్మింది కూడా అలాంటి రైతులకే. 1919లో సినిమా విడుదలైంది. అక్కడినుంచి రీళ్ళ బాక్సు తానే మోసుకుని ఊరూరా తిరగడం, హాలు ఓనరుకి తర్వాతి సినిమా స్టిల్స్ చూపించి అడ్వాన్సు లాగడం. ఇవాళ మన బయ్యర్ల దగ్గర జరిగేది ఇదే కదండీ!

నేలటికెట్:
గురువుగారూ, 1928లో దివాలా తీసిన ముచ్చట గూడ చెప్పాలె గదా.

పాతరీలు:
తీశాడు. మళ్ళీ న్యూయార్క్‌లోని హార్లెం థియేటర్ ఓనర్ల పెట్టుబడితో నిలబడి 1931లో టాకీ తీశాడు. నాకు బాధ దివాలా గురించి కాదు. 40కి పైగా తీశాడంటారు, చాలావాటి ప్రింట్లు లేవు. 1920 నాటి ఒక సినిమా ప్రింటు స్పెయిన్‌లో దొరికింది, అదీ స్పానిష్ టైటిల్ కార్డులతో! మీ మిత్రుడిని మాస్టర్ ఫైళ్ళు మూడు చోట్ల దాచుకోమనండి.

నేలటికెట్:
నల్లజాతి డైరెక్టర్ స్పైక్ లీ మొదటి ఫీచర్ 1986ల వచ్చింది. 1,75,000 డాలర్లు, 12 రోజుల షూటింగు. సెట్ల తాగిన సోడా డబ్బాలు గూడ పారెయ్యనియ్యలే, వాపస్ ఇస్తె ఒక్కోదానికి ఐదు సెంట్లు వస్తయని. 70 లక్షల డాలర్లకు పైన వసూలు. గని ఆ కథ విని అప్పు జెయ్యద్దని చెప్పన్నా. ఇంకో నల్లజాతి డైరెక్టర్ రాబర్ట్ టౌన్సెండ్ క్రెడిట్ కార్డుల మీద సినిమా తీసి గట్టెక్కిండని అందరూ చెప్తరు, అట్ల తీసి మునిగినోళ్ళ పేర్లు ఎవలకు ఎర్క?

సెకండ్‌షో (న్యూజెర్సీ):
మేం తీసిన చిన్న తెలుగు ఇండీలో ఒక సీను. మంగలి షాపు, వెనక రేడియో మోగుతోంది. ఇరవై సెకన్ల పాట. డిస్ట్రిబ్యూటర్ తరఫు లాయరు దాని లైసెన్సు చూపించమన్నాడు. అది లేనిదే ఈ అండ్ ఓ బీమా (హక్కుల కేసులు పడితే ఆదుకునేది) రాదు, బీమా లేనిదే సినిమా తీసుకోరు. డైలాగులు పాట మీదే ఉన్నాయి కాబట్టి మళ్ళీ డబ్బింగ్. బ్యూటీపార్లర్ కథంటే రేడియో ఉండి తీరుతుంది, బూమ్‌మైక్ గారూ. షాట్ తీసేటప్పుడు ఆపేయించండి, పాట తర్వాత వేసుకోవచ్చు. ఇంకోటి, స్క్రిప్టు రాసింది అతనే అయినా హక్కులు కంపెనీకి రాసిస్తూ సంతకం పెట్టాలి. గోడ మీద బొమ్మ గీసినవాడి దగ్గర కూడా కాగితం తీసుకోవాలి.

బూమ్‌మైక్:
రేడియో మాట చెప్పగానే తల పట్టుకున్నాడు, స్క్రిప్టు నిండా పాత సోల్ (నల్లజాతి సంగీతం) పాటలేనట. ఇంకో సంగతి. చర్చిలో పెద్దావిడలు తలా 500 డాలర్లు ఇస్తామంటున్నారు, లాభంలో వాటా కావాలట.

లెక్కలపద్దు:
ఆగమనండి! కానుకైతే కిక్‌స్టార్టర్ లాంటి చందాల సైటు చాలు. లాభంలో వాటా అన్నారంటే అది షేరు అమ్మడం లాంటిదే, చట్టం భాషలో సెక్యూరిటీ అమ్మకం. దానికి చట్టం ఒప్పుకున్న క్రౌడ్‌ఫండింగ్ దారి వేరే ఉంది, లాయరు లేకుండా వద్దు. మిషో కాలం కాదిది.

ప్రీమియర్‌పిచ్చి (డాలస్):
హాళ్ళ గురించి ఎవరూ అనలేదేం? నల్లజాతి కథలు బయటి దేశాల్లో ఆడవని అతనికీ చెప్పే ఉంటారు. డిస్ట్రిబ్యూటర్లు వద్దంటే సొంతంగా విడుదల చేసుకోవచ్చు. నల్లజాతి దర్శకురాలు అవా డువర్నే మొదట సినిమాలకి పబ్లిసిస్టుగా (ప్రచారం చూసే) పనిచేసిన మనిషి. 50 వేల డాలర్లతో తీసిన సినిమాని 2011లో నల్లజాతి ఫిల్మ్ ఫెస్టివల్స్ వాళ్ళతో కలిసి తానే విడుదల చేసింది. అందుకు పెట్టిన సంస్థే ఇప్పటి ‘అరే’ (ARRAY). మనం వాట్సాప్ గ్రూపులతో గురువారం ప్రీమియర్లు నింపట్లేదూ? అట్లాంటాలో నల్లజాతి కాలేజీలు మోర్‌హౌస్, స్పెల్మన్ పక్కపక్కనే. అక్కడ మొదలెట్టమనండి. నల్లజాతి దర్శకుడు ర్యాన్ కూగ్లర్, 25 ఏళ్ళు గడిచాక సినిమా హక్కులు తనకి తిరిగొచ్చేలా వార్నర్ స్టూడియో వాళ్ళతో రాయించుకున్నాడు. కొత్తవాడికి అంత పట్టు ఉండదు గానీ, డిస్ట్రిబ్యూటర్‌కి హక్కులు శాశ్వతంగా రాసివ్వకుండా ఇన్నేళ్ళకని గడువు అడగొచ్చు.

బూమ్‌మైక్:
అన్నీ పంపించాను. శనివారం లాయరుని కలుస్తున్నాడు. నా పారితోషికం మాత్రం సినిమా అమ్ముడయ్యాకేనట.

లెక్కలపద్దు:
ఆ మాట కూడా కాగితం మీద రాయించుకోండి, పెట్టుబడిదారులకంటే ముందా తర్వాతా అన్నది సహా.