అప్‌డేట్: చర్చి మానేయాలా అని అడిగాను కదా

పోయిన నెల అడిగింది నేనే. నాన్న పోయాక దేవుడు కనిపించడం లేదు, చర్చిలో ప్రతి ఆదివారం తిట్లే, మానేయనా అని. చాలామంది చర్చి మార్చమన్నారు. మార్చలేదు. ఇక్కడే చెన్నైలో, కీల్పాక్‌లో ఉండే పెదనాన్న దగ్గరికి వెళ్లాను. గుంటూరు వైపు లూథరన్ పాస్టరుగా చేసి రిటైరయ్యారు.

"తిట్టడం తప్పు కాదురా, తిట్టి అలాగే ఇంటికి పంపేయడం తప్పు" అన్నారు. ధర్మశాస్త్రం, అంటే దేవుడి ఆజ్ఞలు, నిలదీశాక సువార్త, అంటే క్రీస్తులో క్షమాపణ ఉందన్న శుభవార్త, వినిపించాలట. 1518లో జర్మనీలోని హైడల్‌బర్గ్‌లో, లూథరన్ సంఘాలకు మూలమైన మార్టిన్ లూథర్ అన్నది ఇదే: ధర్మశాస్త్రం 'ఇది చెయ్యి' అంటుంది, అది ఎప్పటికీ పూర్తి కాదు. కృప 'ఈయన్ని (క్రీస్తుని) నమ్ము' అంటుంది, అంతా అప్పటికే అయిపోయి ఉంటుంది.

నాన్న సంగతికి మాత్రం సూటిగా జవాబివ్వలేదు. దేవుడు మరుగై ఉంటాడని బైబిల్లో యెషయా 45లోనే ఉందన్నారు. ఆ మరుగులోకి తొంగిచూడకుండా, వాక్యంలో ప్రకటించిన దేవుణ్ణే పట్టుకోమని 1525లో ఎరాస్మస్ అనే పండితుడికిచ్చిన జవాబులో లూథర్ రాశాడట. నాకింకా పూర్తిగా మింగుడుపడలేదు.

టెన్షన్ పడుతూనే మా పాస్టరుగారితోనూ మాట్లాడాను. "కృప గురించి తక్కువ చెప్తున్నానా?" అని నన్నే అడిగారు. మొన్న ఆదివారం ప్రసంగం పాత ధోరణిలోనే సాగింది, చివరి ఐదు నిమిషాలు తప్ప.