సోవియట్ లాయర్ ట్రైనిన్ గురించి తెలిసినవాళ్ళు కాస్త హెల్ప్ చేయండి
అందరికీ నమస్తే. ఎల్‌ఎల్‌ఎం చేస్తున్నా, ఇంటర్నేషనల్ క్రిమినల్ లా పేపర్‌కి ఆరన్ ట్రైనిన్ మీద రాద్దామనుకుంటున్నా. 1883లో విటెబ్‌స్క్‌లో పుట్టాడు, 1957లో పోయాడు, మధ్యలో ఇంత పని చేసిన మనిషి పేరు మనవాళ్ళు ఎవరూ ఎత్తరేంటో అర్థం కావట్లేదు. వేరే దేశం మీద పడి యుద్ధం మొదలుపెట్టడమే నేరం, దానికి నాయకుల్ని పర్సనల్‌గా శిక్షించాలి అని 1944లో పుస్తకం రాస్తే మరుసటేడు నాజీ నాయకుల్ని విచారించిన కోర్టు రూల్స్, అంటే న్యూరెంబర్గ్ చార్టర్, ఆర్టికల్ 6లో అలాంటి నేరమే మొదటగా వచ్చింది. ఆ కోర్టుని ఏర్పాటు చేసిన 1945 ఆగస్టు 8 లండన్ ఒప్పందం కింద సంతకాలు చూడండి, అమెరికాకి జాక్సన్, బ్రిటన్‌కి జోవిట్, ఫ్రాన్స్‌కి ఫాల్కో, ఒక్కొక్కళ్ళే, సోవియట్ వైపు మాత్రం నికిచెంకోతో పాటు ట్రైనిన్ కూడా ఉన్నాడు. అయినా మేం చదివే టెక్స్ట్‌బుక్కుల్లో క్రెడిటంతా జాక్సన్‌కే, నాకైతే ఇది అన్యాయమే అనిపిస్తోంది.

నేను ఇరుక్కుపోయింది ఇంకోచోట. ఆ పుస్తకానికి ఎడిటర్ విషిన్‌స్కీ, స్టాలిన్ తన ప్రత్యర్థుల మీద కుట్ర ఆరోపణలతో నడిపించిన 1930ల మాస్కో విచారణల్లో ప్రాసిక్యూటర్, నికిచెంకోనేమో 1936 విచారణలో జడ్జిల్లో ఒకడు. అలాంటివాళ్ళ మధ్య పనిచేసిన ట్రైనిన్ ఆలోచనని ఆ విచారణల నుంచి విడదీసి చూడొచ్చా, లేక కుట్రలో భాగం ఉన్నవాళ్ళంతా నేరానికి బాధ్యులే అనే ఆయన వాదన అక్కడ్నుంచే వచ్చిందని రాయాలా? ఇంకా, 1944 పుస్తకం ఇంగ్లీష్ అనువాదం హైదరాబాద్‌లో ఏ లైబ్రరీలోనైనా దొరుకుతుందా? రష్యన్ చదవగలిగినవాళ్ళు ఎవరైనా ఉంటే 1937లో ఆయన రాసిన శాంతి రక్షణ, క్రిమినల్ లా పుస్తకంలో ముఖ్యమైన పాయింట్లు చెప్పండి ప్లీజ్.