బెంగళూరు డీలర్ దగ్గర ఎర్టిగా, నేను దోహాలో, బాపు మెట్‌పల్లిలో: పైసలు ఎట్లా కట్టాలి?

మెట్‌పల్లి తమ్మి

అందరికీ నమస్తే. నేను దోహాలో ఏసీ మెకానిక్‌ని. ఇంటి దగ్గర బాపు, అమ్మ, చెల్లె, ఆమె ఇద్దరు పిల్లలు ఉంటారు. బాపుకు మోకాళ్ల నొప్పులు. కరీంనగర్ ఆసుపత్రికి పోవాలంటే ప్రతిసారీ కిరాయి బండే. అందరూ కూర్చునే బండి ఒకటి ఇంట్లో ఉంటే బాగుంటుందని పాత ఎర్టిగా కోసం చూస్తున్నా.

బెంగళూరులో ఒక డీలర్ దగ్గర 2019 డీజిల్ బండి దొరికింది. కేఏ నంబర్, మీటర్ మీద 78 వేలు, ధర 7 లక్షల 60 వేలు. కరీంనగర్‌లో ఇట్లాంటి బండికే ఎనిమిదిన్నర పైన చెప్తున్నారు. డీలర్ వీడియో కాల్‌లో బండి చుట్టూ తిప్పి చూపించాడు, మర్యాదగా మాట్లాడుతున్నాడు, తెలుగు కూడా వచ్చు.

రెండు విషయాల దగ్గర టెన్షన్ పట్టుకుంది. మొత్తం డబ్బు ముందే వేస్తే బండిని క్యారియర్ మీద ఎక్కించి మెట్‌పల్లికి పంపుతాడట. ఇక ఆర్సీ ఫోటోలో ఓనర్ పేరు వేరే ఎవరిదో ఉంది, కింద ఒక బ్యాంకు పేరు కూడా ఉంది. అడిగితే "మీ పేమెంట్ రాగానే లోన్ క్లియర్ చేసి ఇస్తాం సార్" అన్నాడు. రేపటిలోగా 50 వేలు టోకెన్ వేయకపోతే వేరే పార్టీకి ఇచ్చేస్తాడట.

డబ్బు నా ఎన్ఆర్ఈ ఖాతాలో (విదేశాల్లో ఉండేవాళ్లకు ఇండియా బ్యాంకు ఇచ్చే ఖాతా) ఉంది. ఇక్కడ రూంలో ఒకాయన హుండీ (హవాలా) మనిషితో బెంగళూరులోనే చేతికి ఇప్పిస్తా, రేటు కూడా ఎక్కువ వస్తుంది అంటున్నాడు. బెంగళూరులో మా ఊరి పిల్లగాడు ఒకడు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు, కానీ వాడికి బండ్ల గురించి ఏమీ తెలియదు. నాకు ఇప్పట్లో సెలవు లేదు. బాపును ఒక్కడినే అంత దూరం పంపలేను. ఎట్లా చేయమంటారు?

కరీంనగర్ నుంచి ఒకరు

ముందు ఒక మాట. ఆ తొంభై వేల తేడా నీ జేబులో మిగలదు. కర్ణాటక బండి తెలంగాణ నంబర్ మీదికి రావాలంటే ఇక్కడ లైఫ్ టాక్స్ మళ్లీ కట్టాలి. బండి వయసును బట్టి ఎంతో కొంత తగ్గుతుంది గానీ చిన్న మొత్తమేమీ కాదు. బాపును జగిత్యాల ఆర్టీఏ ఆఫీసుకు పొమ్మను. బండి కొత్తప్పటి ఇన్వాయిస్ ధర, మొదటి రిజిస్ట్రేషన్ తేదీ చెప్తే ఎంత పడుతుందో అక్కడే తెలుస్తుంది. కర్ణాటకలో కట్టిన టాక్స్‌లో మిగిలిన ఏళ్లది వాపస్ తెచ్చుకోవచ్చు అంటారు. నిజమే, కానీ అది ఆర్సీలో పేరున్న ఓనర్ అడగాలి, చెప్పులు అరిగేదాకా తిరగాలి. దాన్ని లెక్కలో వేసుకోకు.

హన్మకొండ కన్సల్టెన్సీ

తమ్మీ, నేను హన్మకొండలో పాత బండ్ల కన్సల్టెన్సీ నడుపుతా. నువ్వు ఏ మనిషిని చూసి భయపడుతున్నావో నాదీ అదే ధందా. కాబట్టి టేబుల్‌కు ఇవతల కూర్చొని చెప్తా.

ఆ బండి ఆ డీలర్‌ది కాదు. అంతమాత్రాన మోసమని కాదు, మా దగ్గర నిలబడే బండ్లలో చాలా వరకు అట్లాంటివే. ఓనర్ తెచ్చి మా షెడ్‌లో పెడతాడు, పార్క్ అండ్ సేల్ అంటాం. అమ్మితే మాకు కమీషన్. లోన్ ఉంటే కొన్నాయన పైసలతోనే తీరుస్తాం. సొంత జేబులోంచి లోన్ కట్టి, కాగితాలన్నీ సిద్ధం చేసుకొని నీ కోసం ఏ డీలరూ కూర్చోడు.

ప్రమాదం ఎక్కడుందంటే, నీ పైసలు అతని ఖాతాలో పడిన రోజుకూ, అవే పైసలు లోన్ ఖాతాలో పడే రోజుకూ మధ్య. ఆ మధ్యలో అతనికి ఇంకో బండి చవకగా తగిలిందనుకో, నీ పైసలు దాంట్లోకి పోతాయి. నీకేమో "బ్యాంకులో ప్రాసెస్‌లో ఉంది సార్" అని చెప్తుంటాడు. దొంగలే ఇట్లా చేస్తారనుకోకు. చేతిలో రొటేషన్ ఆగిపోయిన మంచోడు కూడా చేస్తాడు. వాడికి ఆ నిమిషంలో అది తప్పనిపించదు, వారంలో సర్దేస్తా అనుకుంటాడు.

అందుకే లోన్ పైసలు అతని చేతికి ఇవ్వనే వద్దు. ఓనర్‌తో బ్యాంకు నుంచి ఫోర్‌క్లోజర్ లెటర్ తీయించమను. లోన్ నంబర్, ఓనర్ పేరు, ఫలానా తేదీలోపు ఇంత కట్టాలి అన్న లెక్క దాని మీద ఉంటుంది. ఆ మొత్తం నేరుగా ఆ లోన్ ఖాతాకే పోవాలి. లెటర్ ఫోటో వాట్సాప్‌లో చూసి సరే అనకు. మీ ఊరి పిల్లగాణ్ని ఓనర్‌తో కలిసి ఆ బ్రాంచికి పొమ్మను. వాడికి బండ్ల గురించి తెలియకపోయినా ఫరవాలేదు, చదువుకున్నవాడు, కాగితం చదవగలడు. ఇంజన్ చూడటానికి అక్కడి మెకానిక్ ఒకరిని కూలి ఇచ్చి తీసుకుపొమ్మను. డీలర్ చూపించిన మెకానిక్ మాత్రం కాదు.

లోన్ కట్టే ముందే ఓనర్, డీలర్, మీ బాపు పేర్లతో స్టాంప్ పేపర్ మీద ఒప్పందం ఉండాలి. మొత్తం ధర ఎంత, అందులో లోన్‌కు ఎంత పోతుంది, బేరం చెడితే ఆ పైసలు ఎవరు, ఎన్ని రోజుల్లో వాపస్ ఇవ్వాలి, ఇవన్నీ రాయించు. ఫారం 28, 29, 30 మీద ఓనర్ సంతకాలు అదే రోజు పెట్టించు. 29, 30 పేరు మార్పుకు. 28 అంటే ఎన్ఓసీ కోసం, బండి వేరే రాష్ట్రానికి పోవడానికి అభ్యంతరం లేదని కర్ణాటక ఆర్టీఓ ఇచ్చే పత్రం. వేరే రాష్ట్రం బండికి అది లేకపోతే ఇక్కడ ఆర్టీఏలో ముట్టుకోరు. సంతకాలతోనే పని అయిపోయిందనుకోకు తమ్మీ. ఇప్పుడు ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు ఓటీపీ ఓనర్ ఫోన్‌కే పోతుంది. ఓనర్ ఎవరో, ఎక్కడుంటాడో తెలియకుండా డీలర్ మాట ఒక్కటే పట్టుకొని కొన్న బండి, పెళ్లికూతురి మొహం చూడకుండా కుదుర్చుకున్న సంబంధం లాంటిది. ఓనర్‌తో నువ్వే ఒకసారి ఫోన్‌లో మాట్లాడు. "మీకు ఎంతకు మాట్లాడారు?" అని అడుగు. డీలర్‌కు కోపం వస్తుంది, రానీ.

టోకెన్ సంగతి. 50 వేలు వద్దు, పది వేలు చాలు. రేపటిలోగా అనేది మేం అందరికీ చెప్పే మాటే, రేపు దాటినా బండి అక్కడే ఉంటుంది. బయానా రసీదు ఫర్మ్ లెటర్‌హెడ్ మీద తీసుకో. అందులో బండి నంబర్, చాసిస్ నంబర్, "మెకానిక్ తనిఖీలో గానీ కాగితాల్లో గానీ తేడా వస్తే పూర్తి బయానా వాపస్" అన్న వాక్యం ఉండాలి. ఆ వాక్యం రాయనంటే అక్కడితో ఆపెయ్.

2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లు ఆర్టీఏ నుంచి అధికార పత్రం తీసుకోవాలన్న కేంద్రం నిబంధన ఉంది, ఫారం 29బి అంటారు. ఓనర్ బండిని డీలర్‌కు అప్పజెప్పినట్టు 29సి కూడా వేయాలి. మా ఏరియాలోనే అందరి దగ్గరా లేదు, అది వేరే సంగతి. అయినా అడుగు. ఉన్నవాడు గోడకు ఫ్రేము కట్టి పెట్టుకుంటాడు, అడగ్గానే ఫోటో పంపుతాడు.

హుండీ మాట మర్చిపో. పట్టుబడితే ఫెమా, అంటే విదేశీ మారకం చట్టం కింద కేసు. పట్టుబడకపోయినా, పైసలు ఇచ్చినట్టు నీ దగ్గర చీటీ ముక్క కూడా ఉండదు. పైగా 2 లక్షలు, ఆ పైన నగదుగా తీసుకోకూడదని ఆదాయపన్ను చట్టమే చెప్తుంది. సరిగా వ్యాపారం చేసే డీలర్ అంత నగదు వద్దంటాడు.

ఆర్మూర్ అక్క

మా ఆయన మస్కట్‌లో ఉంటాడు. బండి బేరం మొత్తం నేనే చూసుకున్నా, హైదరాబాద్‌లో ఒక డీలర్ దగ్గర. జీఎస్టీ వెబ్‌సైట్‌లో లాగిన్ లేకుండానే డీలర్ జీఎస్టీ నంబర్ కొట్టి చూడొచ్చు. ఫర్మ్ అసలు పేరు, అడ్రస్, ఇంకా నడుస్తుందా రద్దయిందా అన్నీ వస్తాయి. నేను చూశా, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తీరా డబ్బు వేసే రోజున, "కరెంట్ అకౌంట్‌లో ప్రాబ్లం ఉంది మేడం, మా తమ్ముడి అకౌంట్‌కు వేయండి" అని ఇంకో నంబర్ పంపాడు. ఆ నంబర్ పెడితే మా బ్యాంకు యాప్‌లో వచ్చిన పేరు ఫర్మ్‌దీ కాదు, అతని ఇంటిపేరూ కాదు. నేను వేయను అన్నా. "ఇంత అనుమానం ఉంటే ఎట్లా మేడం, మేం పదిహేనేళ్ల నుంచి ఇదే లైన్లో ఉన్నాం" అని దబాయించాడు. అయితే పదిహేనేళ్ల అకౌంట్ నంబరే ఇవ్వమన్నా. ఫోన్ పెట్టేశాడు. మూడో రోజు వాళ్లే ఫోన్ చేశారు, కానీ అప్పటికి నేను నిజామాబాద్‌లో వేరే బండికి బయానా ఇచ్చేశా.

తమ్ముడూ, ఆడవాళ్లనో ముసలోళ్లనో ముందు పెడితే తొందర పెట్టడం ఎక్కువ చేస్తారు. మీ బాపుకు ముందే చెప్పి పెట్టు, ఎవరు ఫోన్ చేసినా "మా కొడుకును అడగాలి" అనే ఒక్క మాటే చెప్పమని.

జగిత్యాల బ్యాంకు ఉద్యోగి

అక్క చెప్పిన పేరు చూపించే సదుపాయం గురించి. 2025 ఏప్రిల్ నుంచి ఆర్టీజీఎస్, నెఫ్ట్ చేసేటప్పుడు కూడా ఖాతాదారు పేరు చూపించాలని రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. ఇంతకు ముందు నంబర్ ఒక్కటే చూసి డబ్బు పోయేది, పేరు ఏం రాసినా పట్టించుకునేవాళ్లు కాదు. ఇప్పుడు బ్రాంచికి వచ్చినా అడగొచ్చు, "ఈ నంబర్ మీద పేరేముంది చెప్పండి సార్" అని. మొహమాటపడొద్దు.

మీ విషయంలో ఇంకో మాట. దోహా నుంచి డీలర్‌కు నేరుగా పంపకండి. మీ ఎన్ఆర్ఈ ఖాతా నుంచి బాపు ఖాతాకు వేయండి. కొడుకు తండ్రికి ఇచ్చే డబ్బుకు పన్ను లేదు. బాపు ఖాతా నుంచి ఆర్టీజీఎస్ చేయించండి, కనీసం 2 లక్షలు ఉంటే చాలు. అప్పుడు ఇన్వాయిస్ మీద, ఆర్సీ మీద, డబ్బు కట్టిన ఖాతా మీద ఒకే పేరు ఉంటుంది. రేపు గొడవ వస్తే పోలీస్ స్టేషన్‌లోనైనా, వినియోగదారుల కమిషన్‌లోనైనా అదే పనికొస్తుంది. ఫారంలో వివరం రాసే చోట బండి నంబర్ రాయించండి. డబ్బు పంపినప్పుడు బ్యాంకు ఇచ్చే యూటీఆర్ నంబర్ రాసుకున్న చీటీ పారేయొద్దు.

డీడీ తీయాలా అని కొందరు అడుగుతారు. తీయొచ్చు, ఫర్మ్ పేరు మీద. బండి, కాగితాలు చేతికి వచ్చాకే ఇవ్వొచ్చు, బేరం చెడితే ఆ డీడీ వెనక్కి తెచ్చి రద్దు చేసుకోవచ్చు. మీ పిల్లగాడు అక్కడ ఉన్నాడు కాబట్టి మిగతా మొత్తానికి ఇది కూడా మంచి దారే. అది ఫోటో తీసి ముందే పంపకండి. ఒకవేళ డబ్బు తప్పు చోటికి పోయిందని తెలిస్తే గంటలు లెక్కే, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

మెట్‌పల్లి తమ్మి

అందరికీ థాంక్స్. డీలర్‌తో మాట్లాడా. రేపటి గడువు దాటిపోయింది, బండి ఇంకా అక్కడే ఉంది. లోన్ 2 లక్షల 35 వేలు ఉందట, నేరుగా లోన్ ఖాతాకు కడతా అంటే కాస్త గునిసి ఒప్పుకున్నాడు. ఓనర్ నంబర్ ఇచ్చాడు. ఓనర్‌తో మాట్లాడితే తనకు 6 లక్షల 90 వేలకు మాట్లాడారన్నాడు. అంటే డీలర్‌ది 70 వేలు. ధర కొంచెం దిగమంటే 7 లక్షల 35 వేలకు వచ్చాడు. ఎన్ఓసీ వచ్చేదాకా 50 వేలు నా దగ్గర ఆపుకుంటా అంటే మాత్రం అస్సలు కుదరదు అంటున్నాడు. క్యారియర్ సంగతి కూడా చెప్పండి అన్నా.

హన్మకొండ కన్సల్టెన్సీ

కుదరదు అని మేం కూడా అంటాం, తర్వాత ఒప్పుకుంటాం. 50 అడిగావు కాబట్టి 25 దగ్గర తెగుతుంది. కానీ ఆ 25 వదలకు. డబ్బు మొత్తం ముట్టిన డీలర్‌కు ఎన్ఓసీ ఆఖరి పని, ఓనర్‌కు అది పనే కాదు. ఆ 25 వేలు కూడా ఒప్పందంలో రాయించు, "వాహన్ వెబ్‌సైట్‌లో ఎన్ఓసీ ఇచ్చినట్టు కనిపించిన రోజు చెల్లించబడును" అని. వాహన్ అంటే సర్కారు బండ్ల రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్, అక్కడ బండి నంబర్ కొడితే లోన్ తీసేశారా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా, బ్లాక్‌లిస్ట్‌లో ఉందా అన్నీ కనిపిస్తాయి. బెంగళూరు చలాన్లు కూడా చూసుకో, సిగ్నల్ జంపులు కుప్పలుగా ఉంటాయి. ఎన్ఓసీకి పెట్టేలోపు ఓనరే కట్టేయాలి.

లోన్ కట్టాక, లోన్ తీరిందన్న బ్యాంకు ఎన్ఓసీ, ఆర్సీలో బ్యాంకు పేరు తీయించే ఫారం 35 రావడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ రోజుల్లో బండి డీలర్ షెడ్‌లోనే ఉండనీ, మిగతా పైసలు నీ దగ్గర ఉండనీ. రెండూ ఒకే రోజు చేతులు మారాలి.

క్యారియర్ వద్దు. దొంగ ట్రాన్స్‌పోర్ట్ రసీదు చూపించి, దారిలో అన్‌లోడింగ్ చార్జీ అనీ జీఎస్టీ అనీ డబ్బు లాగే ముఠాలు చాలా ఉన్నాయి. నీ డీలర్ అట్లాంటివాడు కాకపోయినా, బండి మీద గీత పడితే ఎవరిదో తేలదు. ఒక డ్రైవర్‌ను పెట్టుకో. 44 నంబర్ హైవే మీద నేరుగా ఆర్మూర్ దాకా వచ్చి, కుడివైపు 63 ఎక్కితే మెట్‌పల్లే. డెలివరీ నోట్ మీద తేదీతో పాటు టైం కూడా రాయించు, పొద్దున 11:20 అంటే 11:20. ఆ నిమిషానికి ముందు ఆ బండి ఎవరికి తగిలినా ఆ బాధ్యత మీది కాదు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ బండితో పాటే వస్తుంది, సొంత డ్యామేజీది రావాలంటే 14 రోజుల్లో బాపు పేరు మీదికి మార్పించాలి.

ఫాస్టాగ్ అద్దం మీద పాతదే ఉంటుంది. ఓనర్‌తో దాన్ని మూయించి, డ్రైవర్ బయలుదేరే ముందే బాపు పేరు మీద కొత్తది తీయించు. లేకపోతే దారిలోని టోల్ పైసలు ఓనర్ ఖాతాలోంచి పోతాయి, అతను నీకు ఫోన్ చేస్తాడు, అక్కడి నుంచి మళ్లీ కొత్త పంచాయితీ.

మెట్‌పల్లి తమ్మి

25 వేలకు ఒప్పుకున్నాడు అన్నా. శనివారం పిల్లగాడు, ఓనర్ కలిసి బ్యాంకుకు పోతున్నారు. లెటర్ చూశాకే బాపు ఆర్టీజీఎస్ చేస్తాడు.