మిరెనా వేసేటప్పుడు మత్తు అడగడం అతి అవుతుందా?

కందిపొడి:
నాకు 41. ఇద్దరు పిల్లలు, ఇద్దరూ ముందే డేట్ పెట్టుకున్న సిజేరియన్లే. రెండేళ్లుగా నెలసరి వచ్చిందంటే తొమ్మిది, పది రోజులు. గడ్డలు గడ్డలుగా పడుతోంది, హిమోగ్లోబిన్ 8.2కి దిగింది. స్కాన్‌లో అడినోమయోసిస్ అన్నారు, అంటే గర్భసంచి లోపలి పొర దాని కండలోకి పెరగడమట. లోపలి పొర ముక్క తీసి చేసిన బయాప్సీ బాగానే వచ్చింది. గర్భసంచి తీయక్కర్లేదు, మిరెనా (హార్మోన్ ఉండే లూప్) వేద్దాం అంది డాక్టరమ్మ. అంతవరకు సంతోషమే. "మత్తు ఇస్తారా మేడమ్?" అని అడిగితే నవ్వేసి, "రెండు నిమిషాల పని, ఇద్దరు పిల్లల్ని కన్నదానివి, దీనికి మత్తు దేనికమ్మా" అంది. కన్నాను గానీ నొప్పులు పడి కనలేదు కదా! బయాప్సీ రోజే చుక్కలు కనిపించాయి. వచ్చే వారం వెళ్ళాలి. ఇది నా అతేనా? వేయించుకున్నవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

మూడో అంతస్తు:
అతి కాదు. నాకు నిరుడు వేశారు. "చీమ కుట్టినట్టు ఉంటుంది" అన్నారు. ఆ చీమ ఎక్కడ దొరుకుతుందో నాకూ చూపిస్తే బాగుండేది. లోపల ఎవరో పట్టి మెలితిప్పినట్టయింది, కళ్ళు చీకట్లు కమ్మి, చెమటలు పట్టి, బల్ల దిగబోతూ పడిపోయాను. నా తప్పూ ఒకటుంది. మా తోడికోడలికి పూర్తి మత్తులో వేశారు, ఖాళీ కడుపుతో రమ్మన్నారు. నేనూ అదే అనుకుని పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళాను. మత్తు లేదు, తిండీ లేదు. ముందు రోజు ఫోన్ చేసి తినాలా వద్దా అని అడుగు చెల్లీ, ఆ ఒక్క మాట మర్చిపోకు.

నైట్ డ్యూటీ:
గైనిక్ ఓపీలో 14 ఏళ్లుగా నర్సుని. నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. లూప్ వేయడానికి పూర్తి మత్తు అడగడం అవసరం లేని పని. ఆరు గంటలు ఏమీ తినకూడదు, మత్తు డాక్టర్ రావాలి, పగలంతా ఆస్పత్రిలోనే, మత్తుకి ఉండే రిస్కు వేరే. డి అండ్ సి (గర్భసంచి లోపలి పొర గీకి తీయడం), హిస్టరోస్కోపీ (కెమెరాతో లోపల చూడడం) లాంటివి ఎలాగూ చేస్తుంటే ఆ మత్తులోనే మిరెనా కూడా వేస్తాం, అది వేరే సంగతి.

అసలు చేసేదేమిటో చెబుతాను, తెలియకపోవడంతోనే సగం టెన్షన్. యోనిని తెరిచి ఉంచే స్పెక్యులమ్ పెట్టి, గర్భసంచి ముఖద్వారాన్ని పట్టకారులాంటి దాంతో పట్టుకుంటాం. మొదటి నొప్పి అక్కడ. సన్నటి కడ్డీతో లోపలి లోతు కొలుస్తాం. రెండోది, అసలైనది అక్కడ. తర్వాత గొట్టంలోంచి మిరెనా వదిలి దాని దారాలు కత్తిరిస్తాం. మా దగ్గర ఎక్కువమంది పదిహేను నిమిషాలు కూర్చుని నడిచి వెళ్ళిపోతారు. ఇలా పడిపోయిన కథలే వింటే రేపు వేయించుకోవాల్సిన వాళ్ళు కూడా మానేస్తారు.

మూడో అంతస్తు:
నడిచి వెళ్ళినవాళ్ళకి నొప్పి పుట్టలేదని మీకెవరు చెప్పారండీ? బయట ఆటో ఆగి ఉంటుంది, ఇంట్లో పిల్లలు ఎదురుచూస్తుంటారు. నడవక ఏం చేస్తారు?

డల్లాస్ నుంచి:
ఇక్కడ అమెరికాలో ఈ గొడవ చాలాకాలం నడిచాక, 2024 ఆగస్టులో ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ తన సూచనలు మార్చింది. లూప్ వేసేముందు నొప్పి గురించి ప్రతి మనిషితోనూ మాట్లాడాలి, ఆ చోటుని మొద్దుబార్చే లిడోకేయిన్‌ని ఇంజెక్షన్‌గా గానీ జెల్, స్ప్రేలా పైన పూసిగానీ వాడితే నొప్పి తగ్గవచ్చు అని రాసింది. ముఖద్వారాన్ని మెత్తబరిచే మిసోప్రోస్టాల్ మాత్ర మాత్రం అందరికీ అవసరం లేదంది. నాకు ముఖద్వారం పక్కన ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ సూదే చురుక్కుమంది, అబద్ధం చెప్పను. తర్వాతది గట్టి పీరియడ్ నొప్పిలా అనిపించింది, అంతే.

నైట్ డ్యూటీ:
చూశారా, మన భాషలోనే వచ్చింది చిక్కు. మాత్ర వేసినా మత్తే, పక్కన సూది ఇచ్చినా మత్తే, పూర్తిగా పడుకోబెట్టినా మత్తే. కందిపొడి గారు "మత్తు" అనగానే వాళ్ళ డాక్టర్ ఆపరేషన్ థియేటర్ ఊహించుకుని ఉంటుంది. "లోకల్ ఇస్తారా" అని అడగండి, అంటే ఆ చోటు మాత్రమే మొద్దుబార్చే సూది. లోకల్‌కి నేను వ్యతిరేకం కాదు. కానీ అందరికీ ఇవ్వాలంటే ఒప్పుకోను. మామూలు కాన్పులయిన వాళ్ళలో చాలామందికి ఆ సూది నొప్పే ఎక్కువ.

చింతచెట్టు నీడ:
మీకంటే పెద్దదాన్ని, ఒక మాట చెప్పనివ్వండి. తెల్లబట్ట అవుతోందని వెళ్తే "ఉంచితే క్యాన్సర్ అవుతుంది" అని భయపెట్టి 31 ఏళ్ళకే నా గర్భసంచి తీసేశారు. అండాశయాలు కూడా తీశారని చాలా ఏళ్ల తర్వాత స్కాన్‌లో తెలిసింది. 35 నిండకముందే ఒళ్ళంతా ఆవిర్లు. 48కి వాకిట్లో జారితే మణికట్టు విరిగింది. మా వీధిలో నాలాంటి వాళ్ళు ఇంకో నలుగురు. లూప్ నొప్పి అని మీరు ఊదరగొడితే, "ఎందుకీ బాధ, తీయించేసుకుంటే పోలా" అనే అత్తగార్లు, ఆడపడుచులు సిద్ధంగా ఉంటారు. ఒక పూట నొప్పికి భయపడి ఆ దారి పట్టకు తల్లీ.

డల్లాస్ నుంచి:
పెద్దమ్మగారు చెప్పింది ఒక్క వీధి సంగతి కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్ళలో గర్భసంచి తీసేసినవాళ్ళు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో 8. అనవసరపు ఆపరేషన్ల మీద 2023లో సుప్రీంకోర్టు కూడా రాష్ట్రాలకు ఆదేశాలిచ్చింది. కానీ అందుకని నొప్పి దాచిపెట్టమంటే ఎలా? "ఏమీ ఉండదు" అని నమ్మించి వేస్తే, ఆ మనిషి రెండో నెలలో స్పాటింగ్ (కొద్దికొద్దిగా మరక) చూడగానే ఇంకేం దాచారో అనుకుని తీయించేసుకుంటుంది.

ఉప్పుచేప:
అచ్చం నేనే! రెండో నెలలో తీయించేశాను. రోజూ మరకే, పూజకి లేదు, పెళ్లికి లేదు. ఆరు నెలల దాకా ఇలా ఉండవచ్చని తీసేటప్పుడు చెప్పారు. వేసేటప్పుడు చెప్పి ఉంటే ఓపిక పట్టేదాన్నేమో.

నైట్ డ్యూటీ:
ఆ తప్పు మాదే, ఒప్పుకుంటాను. మూడు నుంచి ఆరు నెలలు అడపాదడపా మరక మామూలే. తర్వాత బ్లీడింగ్ బాగా తగ్గుతుంది, ఏడాదికి అయిదుగురిలో ఒకరికి పూర్తిగా ఆగిపోతుంది. ఆగితే చెడురక్తం లోపల నిలిచిపోతుందని భయపడకండి. లోపలి పొర పలచబడుతుంది, నిలవడానికి అక్కడేమీ ఉండదు.

ఒక మగాడి ప్రశ్న:
మా ఆవిడకి శుక్రవారం వేస్తున్నారు. సోమవారం ఆఫీసుకు వెళ్ళగలదా? నేనేం చేయాలి?

మూడో అంతస్తు:
చాలామంది వెళ్తారు. ఆ రోజు బండి మీద తీసుకురావద్దు, కారో ఆటోనో చూసుకోండి. వేడినీళ్ళ బ్యాగు, ప్యాడ్లు, రాత్రికి వంట మీది. రెండు రోజులు కలయిక వద్దు, నెలసరి కప్పు వద్దు, ఈత వద్దు.

నైట్ డ్యూటీ:
జ్వరం, తగ్గకుండా పెరిగే నొప్పి, దుర్వాసన, గంటకో ప్యాడ్ తడవడం. ఇందులో ఏది ఉన్నా సోమవారం దాకా ఆగకండి. వెయ్యిమందిలో ఒకరిద్దరికి గర్భసంచికి రంధ్రం పడే ప్రమాదం ఉంది, వందలో అయిదుగురికి లూప్ దానంతటదే జారిపోవచ్చు. అందుకే నాలుగు, ఆరు వారాల మధ్య దారాలు చూపించుకోవాలి.

కందిపొడి:
వేయించుకుని వచ్చాను, ఇవాళ్టికి 19వ రోజు. ముందు రోజు ఫోన్ చేసి "లోకల్ ఇస్తారా మేడమ్" అని అడిగా. రెండు క్షణాలు ఆగి, "కావాలంటే ఇస్తాను, ఎవరూ అడగరు" అంది. రెండు ఇడ్లీలు తిని, ఆమె చెప్పిన బ్రూఫెన్ గంట ముందు వేసుకున్నా. సూది చురుక్కుమంది. కడ్డీ పెట్టినప్పుడు మాత్రం నర్సు చెయ్యి నలిపేశా, పాపం. అయినా బయాప్సీలో సగం కూడా లేదు. ఆ సాయంత్రం పొత్తికడుపు లాగేసింది, మర్నాటికి వంట చేసుకున్నా. మరక ఇంకా ఉంది.

నైట్ డ్యూటీ:
సంతోషం. అయితే అది సూది పనితనమా, బ్రూఫెన్‌దా, లేక ముందే అన్నీ తెలిసి వెళ్ళడమా అన్నది మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను.

మూడో అంతస్తు:
మూడూ ఇస్తే పోయేదేముంది? కందిపొడీ, ఆ సూదికి బిల్లులో ఎంత వేశారు?

కందిపొడి:
220 రూపాయలు అక్కా. పార్కింగ్‌కి 60.