కవర్ పాటలు జె.జె. కేల్‌ని నిలబెట్టాయా, మరుగున పడేశాయా?

పాతరికార్డు:
బ్రిటిష్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ గొప్ప పాటలంటూ ఎవరు జాబితా వేసినా అందులో "కొకెయిన్" ఉంటుంది, దాన్ని రాసిన అమెరికన్ గాయకుడు జె.జె. కేల్ పేరు మాత్రం ఎవరికీ గుర్తు రాదు. కేల్ 1976లో "ట్రూబడోర్" ఆల్బమ్‌లో పాడాడు, మరుసటి ఏడాదే క్లాప్టన్ "స్లోహ్యాండ్"లో పాడాడు, అంతే, పాట క్లాప్టన్ ఖాతాలో పడిపోయింది. "ఆఫ్టర్ మిడ్‌నైట్"దీ అదే కథ. "కాల్ మీ ద బ్రీజ్" అయితే లినర్డ్ స్కినర్డ్ అనే రాక్ బ్యాండ్ వాళ్ల సొంత పాటే అనుకునేవాళ్లు బోలెడుమంది. పెద్ద స్టార్ కవర్ చేస్తే, అంటే ఇంకొకరి పాటను తను మళ్లీ పాడి రికార్డు చేస్తే, పాట బతుకుతుంది, రాసినవాడు మరుగున పడతాడు. కాదంటారా?

బేస్‌లైన్:
కాదనే అంటాను. ఆ పేరు కోసం ఆయన ఎప్పుడు పాకులాడాడండీ? తొలి ఆల్బమ్ "నాచురల్లీ" అట్ట చూడండి, ఆయన ఫొటో కూడా లేదు, టోపీ పెట్టుకున్న రకూన్ అనే జంతువు బొమ్మ ఉంటుంది. ఇక డబ్బు సంగతి. అమెరికాలో ఒక పాట ఒకసారి రికార్డుగా బయటికొచ్చాక, నిర్ణీత రుసుము కట్టి ఎవరైనా మళ్లీ రికార్డు చేసుకోవచ్చు, రాసినవాణ్ని అడగక్కర్లేదు. 1970లో ఆ రుసుము కాపీకి 2 సెంట్లు. పైగా అక్కడ ఎఫ్ఎం రేడియోలో పాట వేస్తే రాయల్టీ రాసినవాడికే, పాడినవాడికి ఏమీ రాదు. క్లాప్టన్ గొంతు రేడియోలో మోగినప్పుడల్లా కేల్‌కి ఆదాయమే. తనకు నచ్చినట్టు, నచ్చినప్పుడే రికార్డు చేసుకుంటూ బతికాడంటే ఆ కవర్ల చలవే.

ఆలాపన:
ఇద్దరూ పేరు, డబ్బు అంటున్నారు గానీ పాట గురించి ఒక్క ముక్క రాయలేదు. "ఆఫ్టర్ మిడ్‌నైట్"ని కేల్ మొదట 1966లో సింగిల్‌గా (ఆల్బమ్ కాకుండా విడి పాట రికార్డుగా) తెచ్చాడు, అది హుషారుగా పరుగెత్తే పాట, ఎవరూ పట్టించుకోలేదు. 1970లో క్లాప్టన్ తన తొలి సోలో ఆల్బమ్‌లో అదే ఊపుతో పాడితే హిట్టయింది. ఆ తర్వాతే కేల్ దాన్ని "నాచురల్లీ" కోసం మళ్లీ రికార్డు చేశాడు, ఈసారి వేగం బాగా తగ్గించి, గొంతు దాదాపు గొణుగుతున్నట్టుగా. క్లాప్టనే పాటను స్పీడు చేశాడని చాలామంది అనుకుంటారు, జరిగింది దానికి తిరగేసి. మనం ఇవాళ కేల్ శైలి అని మురిసిపోయే ఆ నెమ్మదితనం ఆ పాటకి కవర్ వచ్చిన తర్వాత పట్టింది! అందుకే కవర్ అసలు పాటను మింగేస్తుందన్న మాట నేను ఒప్పుకోను.

ఇంకోటి, "కాల్ మీ ద బ్రీజ్" హెడ్‌ఫోన్స్‌తో వినండి. మొదట్లోనే డ్రమ్ మెషీన్ టిక్కుటిక్కుమంటూ మొదలవుతుంది, మనిషి వాయించే డ్రమ్స్ కాదు, దాని పైన గిటార్ తాపీగా వచ్చి చేరుతుంది, గొంతేమో వాయిద్యాల వెనక ఎక్కడో ఉంటుంది, చెవి ఒగ్గి వినాల్సిందే. 1974లో స్కినర్డ్ వాళ్లు దానికే హార్న్స్ (బాకా వాయిద్యాలు), పియానో సోలో పెట్టి స్టేజీ దద్దరిల్లేలా చేశారు. రెండూ నాకిష్టమే. అంత బరువు మీద వేసినా కుంగలేదంటే ఆ పాట కట్టుబడి ఎంత గట్టిదో చూడండి.

పాతరికార్డు:
ఆలాపన గారూ, సంగీతం విషయంలో మీరు చెప్పినదానికి ఎదురు చెప్పను. కానీ ఆయనకు పేరు అక్కర్లేదు కాబట్టి మనం చెప్పక్కర్లేదు అంటే ఎలా? స్ట్రీమింగ్ యాప్‌లో రాసినవాళ్ల పేరు కావాలంటే మెనూలోకి వెళ్లి వెతుక్కోవాలి, అంత ఓపిక ఎవరికుంది! కవర్ పాడినవాళ్లే నోరు తెరిచి చెప్పాలి.

ఆలాపన:
క్లాప్టన్ చెప్పాడు కదండీ. 2006లో "ద రోడ్ టు ఎస్కొండిడో" ఇద్దరి పేర్ల మీదా వచ్చింది, గ్రామీ కూడా వచ్చింది. 2013లో కేల్ పోయాక మరుసటి ఏడాదే మిత్రులందరినీ కూడగట్టి ఆయన పాటలతోనే ఒక ఆల్బమ్ చేశాడు. అందులో అమెరికన్ గాయకుడు, గిటారిస్టు జాన్ మేయర్ పాడిన "మాగ్నోలియా" ఉంది, చాలా బాగా పాడాడు. కానీ ముందు కేల్‌ది వినండి, ఆ తర్వాతే అది పెట్టుకోండి.

బేస్‌లైన్:
"మాగ్నోలియా" విషయంలో మాత్రం నేను పాతరికార్డు గారి పక్షమే. దాన్ని కేల్ తప్ప ఇంకెవరూ పాడకూడదు.