ముందు షాక్‌ అబ్జార్బర్లా, ముందు డిఫరెన్షియలా? పోలో 1.0 టీఎస్‌ఐ, శ్రీకాకుళం

ఏడురోడ్ల కుర్రాడు:

అందరికీ నమస్కారం. నాది 2021 ఫోక్స్‌వ్యాగన్ పోలో కారు, టర్బో పెట్రోల్ ఇంజనున్న 1.0 టీఎస్‌ఐ, ఆరు గేర్ల మాన్యువల్. 62,000 కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ లెక్క ప్రకారం పవర్ 110 పీఎస్, టార్క్ (చక్రాలను తిప్పే బలం) 175 ఎన్‌ఎం. పోయిన ఏడాది రీమ్యాప్ చేయించాను, అంటే ఇంజను కంప్యూటర్ సెట్టింగులు మార్పించి బలం పెంచాను. మ్యాప్ చేసినవాళ్లు ఇచ్చిన కాగితంలో టార్క్ 220 దాటింది. ఇంజనుతో నాకు ఇంక ఏ పేచీ లేదు.

ఆ బలం రోడ్డు మీదకి దిగట్లేదు, అదీ నా బాధ. వారానికి మూడు రోజులు శ్రీకాకుళం నుంచి విజయనగరం డ్యూటీకి వెళ్లొస్తాను. పదహారో నంబరు హైవే మీద ఉన్నంతసేపూ బాగుంటుంది. నాతవలస దగ్గర హైవే వదిలాక గతుకు తగిలితే మాత్రం ముందు భాగం ఒకసారి ఊగి ఆగదు, రెండు మూడుసార్లు ఊగుతుంది. నెలకోసారి ఎస్.కోట మీదుగా అరకు ఘాట్ ఎక్కుతాను. హెయిర్‌పిన్ మలుపులో రెండో గేరులో ఉండి యాక్సిలరేటర్ తొక్కితే లోపలి చక్రం కీచుమంటూ ఉత్తినే తిరుగుతుంది. ముక్కు బయటికి జారిపోతుంది.

దాచుకున్న డబ్బు లక్షన్నర ఉంది. అది ఒక్క పనికే వస్తుంది. కాయిలోవర్లు (బండి ఎత్తు దించుకునే వీలున్న గట్టి స్ప్రింగు, షాకు సెట్టు) వేయించనా? లేకపోతే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఇంజను బలాన్ని రెండు చక్రాలకూ పంచుతూ, ఒకటే ఉత్తినే తిరిగిపోకుండా ఆపే గేర్ల అమరిక), దాంతోపాటు క్లచ్ వేయించనా? రెండు నెలల నుంచి ఇదే ఆలోచన, నిద్ర కూడా సరిగ్గా పట్టట్లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సాలూరు ఘాట్:

తమ్ముడూ, జబ్బు నువ్వే చెప్పేసి మందు మమ్మల్ని అడుగుతున్నావు. లోపలి చక్రం తిరుగుతోందన్నావు. అది డిఫరెన్షియల్ (డిఫ్) పని.

ఉభాల రోజుల్లో దమ్ము చేసే ట్రాక్టర్‌ని చూసే ఉంటావు. ఒక చక్రం ఊబలో దిగి గిర్రున తిరుగుతుంటే గట్టి నేల మీద ఉన్న రెండోది కదలదు. డ్రైవరు డిఫ్ లాక్ పెడల్ తొక్కగానే రెండూ కలిసి తిరిగి ట్రాక్టర్ ఒడ్డెక్కుతుంది. నీ కారు ఆ పెడల్ లేని ట్రాక్టర్. మామూలు డిఫరెన్షియల్ రెండు వైపులకూ సమానంగానే టార్క్ పంపుతుంది. మలుపులో లోపలి చక్రం తేలికైపోయి ఎంత తక్కువ మోయగలిగితే, మంచి పట్టున్న బయటి చక్రానికి కూడా అంతే దక్కుతుంది. 220 ఎన్‌ఎం చేయించుకుని ఏం లాభం?

కాయిలోవర్లు వేస్తే బండి తక్కువ ఒరుగుతుంది, కాదనను. కానీ మలుపులో లోపలి వైపు నుంచి బయటి వైపుకి పోయే మొత్తం బరువు స్ప్రింగు గట్టిదనాన్ని బట్టి ఉండదు. బండి గురుత్వ కేంద్రం ఎంత ఎత్తులో ఉంది, ఎడమ కుడి చక్రాల మధ్య వెడల్పెంత, ఎంత గట్టిగా మలుపు తిప్పుతున్నావు, వీటిని బట్టే ఉంటుంది. బండి ఒరగట్లేదని కంటికి కనిపిస్తుంది గానీ, లోపలి చక్రం తేలికపడటం ఆగదు.

ఇంకో మాట. డిఫ్ వేయాలంటే గేర్‌బాక్స్ కిందికి దించాలి. క్లచ్ వేయాలన్నా దించాలి. రీమ్యాప్ చేసిన బండికి క్లచ్ పని ఎప్పటికైనా తప్పదు. రెండూ ఒకేసారి చేయిస్తే కూలి ఒక్కసారే. నా పాత టర్బో హ్యాచ్‌లో హెలికల్ డిఫ్ (ఏటవాలు పళ్ల గేర్లతో పనిచేసే లిమిటెడ్ స్లిప్ రకం) వేయించి మూడేళ్లయింది. సాలూరు నుంచి సుంకి ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే ముక్కు మలుపు లోపలికి లాగుతుంది. ఆ ఆనందం ఇంక ఏ పార్టుతోనూ రాలేదు.

గంటస్తంభం:

సాలూరు అన్న చెప్పిన లెక్క నిజమే. ఆ లెక్క ఏ బండికి పనికొస్తుందన్న దగ్గరే నా గొడవ. 62,000 తిరిగిన బండి గతుకు దాటాక రెండు మూడుసార్లు ఊగుతోందంటే షాక్‌ అబ్జార్బర్లు అయిపోయాయని అర్థం. అది వదిలేసి గేర్‌బాక్స్ విప్పమంటారేంటండీ?

స్ప్రింగు బండిని మోస్తుంది, షాక్‌ అబ్జార్బర్ ఆ స్ప్రింగు ఊపును ఆపుతుంది. అది పని చేయకపోతే గతుకు దాటిన ప్రతిసారీ టైరు నేల మీద ఒకసారి గట్టిగా అదిమినట్టు, ఒకసారి వదిలేసినట్టు అవుతుంది. ఘాట్‌లో మలుపుల లోపలి అంచున తారు లేచిపోయి ఉంటుంది. లోపలి చక్రం సరిగ్గా అక్కడే పడుతుంది. బరువు లేక తిరుగుతోందో, ఎగిరి తిరుగుతోందో ముందు తేల్చుకోవాలి. హెలికల్ డిఫ్‌కి ఒక బలహీనత ఉంది. ఒక చక్రం పూర్తిగా గాల్లోకి లేస్తే అది మామూలు డిఫ్‌తో సమానం. రెండో వైపుకి పంపాలంటే ఈ వైపు కొంచెమైనా పట్టు ఉండాలి. చచ్చిన షాకుల మీద డిఫ్ వేస్తే డబ్బు పోయినట్టే.

కాయిలోవర్ల విషయానికొస్తే నాకు తగిలిన దెబ్బ చెప్తాను. 2022లో పాత బండికి 40 మిల్లీమీటర్లు దించే స్ప్రింగులు వేయించాను. షాకులు మాత్రం కంపెనీవే ఉంచేశాను. చూడ్డానికి ఎంత బాగుందో! మూడో వారం గుర్ల దాటాక ఒక ఊరి నడుమ స్పీడ్ బ్రేకర్ మీద ఆయిల్ ఛాంబర్ గీసుకుపోయింది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. ఊళ్లలో అడ్డంగా పోసిన సిమెంటు దిమ్మకి ఆ కొలతలెక్కడివి? పోలోకి నేలకీ మధ్య 165 మిల్లీమీటర్లు. అందులోంచి 40 తీసేస్తే 125. నలుగురు కూర్చుంటే ఇంకా తగ్గుతుంది.

గీసుకోవడం ఒక్కటైతే సర్దుకునేవాడిని. ముందు వైపు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగూ షాకూ ఒకే కాలుగా ఉండే అమరిక) ఉన్న బండిని బాగా దించితే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద బండికి కలిపే చెయ్యి) చక్రం వైపు పైకెత్తి నిలబడుతుంది. అప్పుడు గురుత్వ కేంద్రం దిగిన దానికంటే రోల్ సెంటర్ (బండి ఒరిగేటప్పుడు తిరిగే బిందువు) ఇంకా కిందికి దిగిపోతుంది. వాటి మధ్య దూరం పెరిగి, బండిని ఒరగదోసే లీవరు ఇంకా పొడవవుతుంది. గట్టి స్ప్రింగు ఇచ్చిన లాభాన్ని కొంత అక్కడే తినేస్తుంది. షాకు రాడ్డుకి ప్రయాణం మిగలక ప్రతి గతుకుకీ బంప్ స్టాప్ (షాకు చివరిదాకా నొక్కుకుంటే దెబ్బ ఆపే రబ్బరు దిమ్మ) మీద కూర్చుంటుంది. మలుపు మధ్యలో అలా కూర్చుంటే ఆ చక్రానికి స్ప్రింగు ఉన్నట్టా, లేనట్టా? పక్క సీట్లో అమ్మ ఉంది ఆ రోజు. చేత్తో డ్యాష్‌బోర్డు పట్టుకునే కూర్చుంది అరకు దాకా. వారంలో పీకించేశాను.

అందుకని నా మాట: కంపెనీ ఎత్తు, కంపెనీ స్ప్రింగులు, మంచి షాక్‌ అబ్జార్బర్లు. బిల్‌స్టీన్ బీ4 గానీ, కొంచెం బిగువు కావాలంటే బీ6 గానీ. కోని ఎల్లో అయితే బిగువు సర్దుకోవచ్చు.

సాలూరు ఘాట్:

తమ్ముడూ, నేను చచ్చిన షాకులతో నడపమనలేదు. అవి రిపేరు ఖర్చు, అప్‌గ్రేడ్ కాదు. పాత షాకు తీసి కొత్తది వేస్తే బండి కొన్న రోజుకి తిరిగొస్తుంది, అంతే. కొన్న రోజున కూడా ఈ బండికి రెండో గేరులో లోపలి చక్రం తిరిగేది, రీమ్యాప్ తర్వాత ఇంకా పెరిగింది. కుర్రాడు అడిగింది మొదటి అప్‌గ్రేడ్ గురించి. నా జవాబు మారదు.

స్టీరింగ్ కొంచెం లాగుతుంది, గతుకు రోడ్డులో చెయ్యి గట్టిగా పట్టుకోవాలి. ఆ లోపం మాత్రం ఒప్పుకుంటాను.

చీపురుపల్లి గ్యారేజీ:

బాబూ, ఇద్దరివీ చదివాను. ఇరవై రెండేళ్లుగా నేను ఈ పనిలోనే ఉన్నాను. ఏదీ కొనకముందు ఒక ఆదివారం పొద్దు బండి కింద గడుపు.

ముందు చక్రాలు రెండూ విప్పు. జాకీ మీద నమ్మకం పెట్టుకోకు, స్టాండులు పెట్టి తీరాలి. షాకు మీద రబ్బరు తొడుగు పైకి లాగు. కింది గొట్టం మీద దుమ్ము పొడిగా ఉంటే మంచిదే, జిడ్డుగా పేస్టులా అంటుకుని ఉంటే సీలు పోయింది. రాడ్డుకి ఒక ప్లాస్టిక్ ట్యాగ్ (వైర్లు కట్టే జిప్ టై) బిగించి, గొట్టం అంచు దాకా దించి వదిలేయ్. రోజూ పోయే దారిలో ఒకసారి వెళ్లొచ్చి మళ్లీ చూడు. ట్యాగ్ ఎక్కడిదాకా జరిగిందో రాడ్డు అంత లోపలికి పోయినట్టు. బంప్ స్టాప్ దాకా పోయి ఉంటే బండి గుద్దుకుంటున్నట్టే. తర్వాత లోయర్ ఆర్మ్ వెనక రబ్బరు బుష్షులో రాడ్డు పెట్టి ఎత్తి చూడు, పగులు కనపడుతుంది. ఆ బుష్షు పోయిన బండికి అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేయించినా నిలవదు. నా దగ్గరికి స్ప్రింగులు మార్చమని వచ్చినవాళ్లలో చాలామందికి ఈ బుష్షు మార్చి పంపించాను.

క్లచ్ పరీక్ష: ఖాళీ హైవే మీద అయిదో గేరులో 1,800 ఆర్‌పీఎం దగ్గర నుంచి పూర్తిగా తొక్కు. స్పీడు పెరగకుండా ఆర్‌పీఎం ముల్లు ఒక్కటే ఎగిరితే ప్లేటు జారుతోంది. అలా ఉంటే సాలూరు ఆయన మాట విను. గేర్‌బాక్స్ ఎలాగూ దిగుతుంది, డిఫ్ కూడా అప్పుడే కానిచ్చేయ్. జారకపోతే ఇప్పుడు దాన్ని ముట్టుకోకు.

టైర్ల ఊసు ఎవరూ ఎత్తలేదు! 185/60 ఆర్15 టైరు పక్క గోడ 111 మిల్లీమీటర్లు. అందం కోసం 205/40 ఆర్17 వేస్తే 82. మన రోడ్డు మీద రిమ్ము వంకరపోతుంది. ఉన్న సైజులోనే మంచి టైరు వేయించు.

కాగితాల మాట కూడా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సెక్షన్ 182ఏ కింద అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఎత్తు దించే పని చేసేముందు అది ఆలోచించు, ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా చెప్పి ఉంచు.

గంటస్తంభం:

గ్యారేజీ గురువుగారికి నమస్కారం. సాలూరు అన్నకి ఒక్క మాట. మొత్తం బరువు మార్పిడి స్ప్రింగుతో తగ్గదన్నారు, ఒప్పుకున్నాను. కానీ అందులో ముందు వాటా ఎంత, వెనక వాటా ఎంత అన్నది స్ప్రింగులూ యాంటీ రోల్ బారులే (ఎడమ కుడి చక్రాలను కలిపి ఒరుగు తగ్గించే కడ్డీలు) తేలుస్తాయి. పోలోకి వెనక టోర్షన్ బీమ్, అంటే రెండు వెనక చక్రాలనూ కలిపే మెలితిరిగే దూలం. దానికి ఒక బారు కలిపి వెనక భాగం బిగిస్తే వెనక వాటా పెరుగుతుంది, ముందు వాటా తగ్గుతుంది. ముందు లోపలి చక్రం మీద బరువు మిగులుతుంది. గేర్‌బాక్స్ విప్పకుండానే వీల్‌స్పిన్ తగ్గుతుంది.

అయితే కుర్రాడా, వెనక మరీ బిగిస్తే వానలో ఘాట్ దిగేటప్పుడు బ్రేకు నొక్కగానే తోక తిరుగుతుంది. జూలై నుంచి అనంతగిరి మీద రోడ్డు ఆరే రోజే ఉండదు. కొత్త షాకులతో ఒక వానాకాలం గడిపాకే బారు సంగతి చూడు.

ఏడురోడ్ల కుర్రాడు:

గురువుగారు చెప్పినట్టే ఆదివారం చేశాను. ఎడమ వైపు షాకు పొడిగా ఉంది. కుడి వైపు తొడుగు కింద చిరిగి ఉంది. లోపల గొట్టం చుట్టూ నల్లటి జిడ్డు, వేలు పెడితే ఇసకలా గరగరలాడింది. రెండు వైపులా ట్యాగ్ కట్టి సోమవారం డ్యూటీకి వెళ్లొచ్చాను. ఎడమ వైపు ట్యాగ్ ముప్పావు దూరంలో ఆగింది. కుడి వైపుది బంప్ స్టాప్‌కి కొట్టుకుని నలిగిపోయింది. అప్పుడు ఇంకోటి గుర్తొచ్చింది. ఘాట్ ఎక్కేటప్పుడు కుడి మలుపుల్లోనే చక్రం ఎక్కువగా తిరుగుతుంది. ఎడమ మలుపుల్లో అంత లేదు. ఇన్ని నెలలు ఆ తేడా గమనించలేదు!

లోయర్ ఆర్మ్ బుష్షుల్లో సన్నటి పగుళ్లున్నాయి. చిలకపాలెం దాటాక ఖాళీగా ఉన్నచోట క్లచ్ పరీక్ష మూడుసార్లు చేశాను. ముల్లూ స్పీడూ కలిసే ఎక్కాయి.

కాబట్టి నాలుగు షాకులు, స్ట్రట్ మౌంట్లు (ముందు షాకు పైకొనను బండికి బిగించే రబ్బరు దిమ్మలు), బుష్షులు, ఉన్న సైజులోనే నాలుగు టైర్లు, తర్వాత అలైన్‌మెంట్. కంపెనీ స్ప్రింగులే ఉంచుతున్నాను. మిగిలిన డబ్బు డిఫ్ కోసం పక్కన పెడతాను. క్లచ్ జారిన రోజున సాలూరు అన్నకే ముందు ఫోను చేస్తాను.

సాలూరు ఘాట్:

కుడి ఎడమల తేడా చెప్పావు చూడు, దానికి నా దగ్గర జవాబు లేదు. అది షాకు పనే. ఎడమ మలుపుల్లో "అంత లేదు" అన్నావు గానీ "లేదు" అనలేదు. ఆ మిగిలింది మాత్రం డిఫ్‌దే. కొత్త షాకులు వేశాక అదే ఘాట్‌లో, అవే మలుపుల్లో, అదే గేరులో చూసి రెండు వైపులా ఎంత తిరుగుతోందో ఇక్కడ రాయి. టైర్లలో గాలి మాత్రం చల్లగా ఉన్నప్పుడే కొలిచి బయల్దేరు.